నాలుగు రోజుల సామానూ, రెండు పాల క్యాన్లూ

ఆ రోజుల్లో మా ఇంట్లో సామాను సర్దడమంటే ప్రయాణానికి ముందు చేసే పని కాదు, ప్రయాణం జరగకుండా చూసే పని. ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న కాకినాడలో మోటారు సైకిలు సరంజామా అమ్మే ఒక కొట్టుకి వెళ్ళాను. బండికి అటూ ఇటూ తగిలించే పెట్టెలు, పెట్రోలు ట్యాంకు మీద అయస్కాంతంతో అతుక్కుపోయే సంచులు, వెనక సీటు మీద కట్టుకునే నీరు చొరని గోతాలు (గోతాలంటే కొట్టాయనకి కోపమొచ్చింది, వాటికేదో ఇంగ్లీషు పేరుందట) గోడనిండా వేలాడుతున్నాయి. ఆయన నా తలలోని తెల్లవెంట్రుకలను మర్యాదగా చూడనట్టు చూసి, "మీ అబ్బాయిగారికాండీ?" అన్నాడు. "నాకే" అన్నాను. "ఇదివరకు లాంగు ట్రిప్పులకి ఏం వాడేవారండి?" అని అడిగాడు. "పాల క్యాన్లు" అన్నాను. ఆయన నవ్వాడు. జోకనుకున్నాడు పాపం.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. కాకినాడలో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా కొత్తగా చేరి, ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. మా సెక్షన్లో ఒకాయన బదిలీ మీద పోతూ అమ్మకానికి పెట్టిన వంద సీసీ మోటారు సైకిలుని నా సొంత జీతంతో కొనేశాను. స్కూటీ కాదు, గేర్లున్న మోటారు సైకిలు. నల్లగా, బరువుగా, ఎంత తిప్పినా తొందరపడని స్వభావంతో ఉండేది. మొదటిసారి దాన్ని నిడదవోలులో మా గుమ్మం ముందు నిలబెట్టగానే మా నాయనమ్మ అరుగు మీంచి చూసి, "ఇదేంటే, గేదెని తోలుకొచ్చావు" అంది. ఆ పూట నుంచి దాని పేరు గేదే. సెలవు పెట్టి ఇంటికొచ్చి, ఆ గేదె మీద నేనొక్కదాన్నీ నాలుగు రోజులు తిరిగొస్తానని ప్రకటించాను. నిడదవోలు నుంచి రాజమండ్రి, రంపచోడవరం, మారేడుమిల్లి ఘాటు రోడ్డు దిగి చింతూరు, అక్కణ్ణుంచి భద్రాచలం, మళ్ళీ జంగారెడ్డిగూడెం మీదుగా ఇంటికి. గుండ్రంగా ఒక చుట్టు. ఎందుకూ అని అడిగితే, అబ్బాయిలు వెళ్తే ఎందుకని ఎవరూ అడగరు కదా అన్నదొక్కటే నా జవాబు.

మా ఇంట్లో "వద్దు" అనే మాట లేదు. "సర్దు" అనే మాటే ఉంది. మా నాన్న మిషను స్కూల్లో లెక్కల మాస్టారు. పిల్లల్ని గద్దించి ఏదీ ఆపకూడదని నమ్మిన మనిషి. కాబట్టి ఆపాల్సినవన్నీ షరతులతో ఆపేవారు. నా ప్రకటన విని, కళ్ళజోడు తుడుచుకుని, సుద్దముక్కతో బోర్డు మీద రాస్తున్నంత నిదానంగా అన్నారు: "వెళ్ళమ్మా. కానీ నాలుగు రోజులకి కావలసిన సామానంతా బండి మీద సర్దుకోవాలి. మీ అమ్మ ఏది అవసరమంటే అది. అంతా సర్దుకుని ముందు మన వీధి చివర చర్చి దాకా వెళ్ళి తిరిగిరా. ఏ ఒక్కటీ కింద పడకూడదు. పడిందంటే బస్సులో వెళ్దువుగాని. బండి ఇక్కడుంటుంది, నేను స్కూలుకి వేసుకెళ్తాను." (నాన్నకి సైకిలు తప్ప ఏదీ తొక్కడం రాదు. గేదె మా పెరట్లో కట్టేసి ఉంటుందని దాని అర్థం.) తిరిగొచ్చేటప్పుడు కూడా ఏదీ తగ్గకూడదని ఇంకో షరతు తగిలించారు. "దారిలో పారేసుకుని వస్తే సర్దినట్టు కాదు" అన్నారు. నేను ఒప్పుకున్నాను. చిన్నప్పటి నుంచి నాన్న ఇచ్చిన లెక్కల్ని పూర్తిగా చదవకుండా ఒప్పుకోవడం నాకలవాటు.

"మీ అమ్మ ఏది అవసరమంటే అది" అన్న ముక్కలోనే ఉంది కిటుకంతా. అమ్మ ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. ఒక దుప్పటి. కొండల్లో చలేస్తుందని ఇంకో దుప్పటి. ఫ్లాస్కు. టార్చిలైటు. గొడుగు. "బండి మీద గొడుగేంటమ్మా?" అన్నాను. "దిగాక వేసుకుంటావు" అంది. ఇస్త్రీ చేసిన పట్టుచీర. "చీరెందుకమ్మా?" "ముగ్గురిళ్ళల్లో దిగుతున్నావు. ప్యాంట్లేసుకుని వెళ్తావా ఏంటి? వాళ్ళేమనుకుంటారు!" ఆ ముగ్గురిళ్ళే నా కొంప ముంచాయి. మొదటి రాత్రి రంపచోడవరంలో నర్సుగా చేసే మా పిన్ని ఇంట్లో, రెండో రాత్రి చింతూరులో టీచరుగా ఉన్న నాన్న శిష్యురాలి దగ్గర, మూడో రాత్రి భద్రాచలంలో అమ్మ చిన్ననాటి స్నేహితురాలి దగ్గర. అందరూ ఆప్తులే. ఆప్తులింటికి చేతులూపుకుంటూ వెళ్ళే ఆచారం మా వైపు లేదు. పిన్నికి రొయ్యల పచ్చడి, మాగాయ. శిష్యురాలికి జంతికలూ, నాన్న పాత లెక్కల పుస్తకాల కట్టా. స్నేహితురాలికి పూతరేకులూ, చేగోడీలూ, మళ్ళీ మాగాయ. అట్టపెట్టెలోని పూతరేకులు తప్ప అన్నీ స్టీలు డబ్బాల్లో. నాయనమ్మ మాత్రం తన పెద్దక్షరాల బైబిలు తెచ్చి ఒళ్ళో పెట్టింది. "నా దగ్గర చిన్నది ఉంది నాయనమ్మా" అంటే, "చిన్నది చిన్న ప్రయాణాలకి" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల్లో అయ్యగారు (మా పాస్టరుగారిని అలాగే అనేవాళ్ళం) కూడా ఒక మాట వేశారు: "మాస్టారుగారి అమ్మాయి మోటారు సైకిలు మీద ఒంటరిగా మన్యం వెళ్తోంది. సంఘమంతా ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోవాలి." వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, "క్షేమంగా వెళ్ళాలనాండీ, వెళ్ళడం మానెయ్యాలనాండీ? దేనికి ప్రార్థన చెయ్యమంటారో చెప్పండి" అంది. అయ్యగారు మా నాన్న వైపు చూశారు. మా నాన్న కీర్తనల పుస్తకం వైపు చూశారు.

ఆ మధ్యాహ్నమే మొదటి పరీక్ష. కాలేజీనాటి వీపు సంచి వీపుకి, జిప్పు సరిగా పడని ఎయిరుబ్యాగు ట్యాంకు మీద, మిగతాదంతా ఒక బియ్యం గోతంలో కూరి వెనక సీటుకి కొబ్బరితాడుతో కట్టాను. ఎక్కి కూర్చుంటే ముందు నుంచి నేనూ, వెనక నుంచి గేదే కనబడటం లేదని మా ఎదురింటివాళ్ళు చెప్పారు. వీధి చివరి దాకా మహారాణిలా వెళ్ళాను. సరిగ్గా చర్చి ముందు, ఇంకా ఇళ్ళకి వెళ్ళకుండా కబుర్లు చెప్పుకుంటున్న సంఘమంతా చూస్తుండగా, గోతం ఒక పక్కకి ఒరిగింది. నేను రెండో పక్కకి ఒరిగాను. గేదె మాత్రం ఎటూ ఒరగక ఆగిపోయింది. తాడు తెగి గోతం కింద పడి, మూతి విప్పుకుని, నా నైటీ ఒకటి చర్చి గేటు దాకా దొర్లుకుంటూ వెళ్ళి అయ్యగారి కాళ్ళ దగ్గర ఆగింది. గొడుగు దానంతటదే తెరుచుకుంది. (ఆ గొడుగు అంతకుముందు ఎన్ని వానల్లో ఎంత బతిమాలినా తెరుచుకున్న పాపాన పోలేదు.) ప్రార్థన ఫలించిందని ఆ పెద్దావిడ కళ్ళల్లో స్పష్టంగా కనబడింది.

నాన్న ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నాకు తిక్క రేపింది. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. "వచ్చే శనివారం ఇంకోసారి చేస్తాను" అన్నాను. "చెయ్యమ్మా. సప్లిమెంటరీ ఎవరికైనా ఉంటుంది" అన్నారు నాన్న. అమ్మ అప్పటికే నైటీ ఉతికి ఆరేసి, ఫ్లాస్కు పక్కన మూడో దుప్పటి పెట్టింది. బరువు దింపమని అడగొచ్చు. అడిగితే ఒకటో రెండో దింపేదేమో కూడా. కానీ నలుగురిలో గోతం పడ్డాక బరువు తగ్గించమంటే పరువు తగ్గినట్టే. మొత్తం మోస్తాను, ఒక్క చేగోడీ కూడా విరగకుండా మోస్తాను అని పంతం పట్టాను. పంతానికి ముందూ వెనకా చూసుకోవాలంటారు. నాకు రెండు పక్కలా చూసుకోవాల్సి వచ్చింది.

ఆ రెండు పక్కలూ మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాయి. మా పాలాయన బండి. యాభయ్యేళ్ళ మనిషి. వెనక సీటుకి అడ్డంగా ఇనప చట్రం, అటొకటి ఇటొకటి క్యాన్లు. పదిహేనేళ్ళుగా గతుకుల్లో, గట్ల మీద, వానల్లో తిరుగుతున్నాడు. ఆయన పాలు ఒలికినట్టు వినలేదు. (నీళ్ళు కలిసినట్టు విన్నాం గాని అది వేరే సంగతి.) గరిటెతో పాలు పోస్తుంటే నేను గిన్నె పట్టుకోవడం మరిచిపోయి చట్రం వైపే చూస్తున్నాను.

"బాబాయ్, నీ దగ్గర పాత క్యాన్లున్నాయా?"

"ఉన్నాయండి అమ్మాయిగారూ. ఏం, మేస్టారు గేదెల్ని కొంటున్నారాండీ?"

"గేదె ఉంది. క్యాన్లే లేవు."

సంగతంతా చెప్పాను. ఆయన గరిటె క్యానుకి తగిలించి, నా బండి చుట్టూ ఒకసారి తిరిగి, సీటు నొక్కి చూసి, పశువుల సంతలో బేరమాడే మనిషిలా దాని వీపు మీద చరిచాడు. "మోస్తదండి. గోతం ఎత్తులో కడితే ఊగుద్దండి. బరువెప్పుడూ కిందకుండాలి, రెండేపులా సమానంగా ఉండాలి. పాలకైనా అంతే, పట్టుచీరకైనా అంతే. నా పాత చట్రం కూడా ఇత్తాను, తీసుకెళ్ళండి. ఆయ్, ఒక్కటే మాటండి. క్యాన్లో చేపలుగానీ రొయ్యలుగానీ పెట్టకూడదు. ఆ నీసు వాసన ఏడాదైనా పోదు. నా మాట పోద్ది."

మాటిచ్చాను. వారమంతా మా పెరట్లో ఆ క్యాన్లని చింతపండుతోనూ, బూడిదతోనూ, నిమ్మచెక్కతోనూ తోమి ఎండబెట్టాం. తోమింది నాయనమ్మే. మనవరాలు వెళ్ళకూడదని ఆవిడకీ ఉంది గాని, మురికి గిన్నె కళ్ళెదుట ఉంటే ఊరుకోలేని బలహీనత అంతకన్నా గట్టిది. శనివారం పొద్దున బట్టలన్నీ చాప చుట్టినట్టు చుట్టి ఒక క్యాన్లోకి, డబ్బాలన్నీ దుప్పట్లలో పొదిగి రెండో క్యాన్లోకి దించాను. పూతరేకులు దుప్పటి నడుమ పసిపాపలా పడుకున్నాయి. పుస్తకాల కట్టా, పెద్దక్షరాల బైబిలూ ప్లాస్టిక్కు సంచిలో చుట్టి చట్రం మధ్యలో అడుగున పెట్టాను. వీధి చివరి దాకా వెళ్ళాను, చర్చి చుట్టూ తిరిగాను, మొదటిసారి పడ్డ చోట కావాలనే ఒకసారి ఆగి హారను కొట్టాను. ఏదీ పడలేదు. తిరిగొస్తే నాన్న అరుగు మీద నిలబడి క్యాన్ల మూతలు లాగి చూసి, "సమతౌల్యం" అని ఒక్క మాట అన్నారు. అది ఒప్పుకోవడమో, పాఠం చెప్పడమో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడే అమ్మ వంటింట్లోంచి రొయ్యల పచ్చడి డబ్బా పట్టుకొచ్చింది. అది క్యాన్లో పెట్టకూడదు. వదిలెయ్యకూడదు. కాబట్టి నా వీపు సంచిలో, నా వీపు మీద ఎక్కింది.

సోమవారం బయల్దేరాను. ఆ నాలుగు రోజుల్లో నేను చూసిన కొండలూ, వాగులూ, మారేడుమిల్లి దాటాక వెదురు గుబుర్ల మీంచి దిగొచ్చిన మబ్బులూ రాయాలంటే వేరే చెయ్యి కావాలి. నాకు బాగా గుర్తున్నది దారిపొడుగునా గిన్నెలు. కొవ్వూరు దాటకముందే ఒకావిడ చెంబు పట్టుకుని రోడ్డు మీదకొచ్చింది: "అమ్మాయ్, అర లీటరు పొయ్యి!" గోకవరం దగ్గర ఇంకో ఆవిడ, లేవని చెప్పినా నమ్మక, "ఉండి కూడా పొయ్యవా? హోటళ్ళకి పోస్తావేం!" అని దెబ్బలాడింది. మూత తీసి నా చుడీదారు చూపిస్తే గాని వదల్లేదు. ఒక చెక్‌పోస్టు దగ్గర గార్డు క్యానులోకి చెయ్యి పెట్టి, పట్టుచీర కొంగు బయటికి లాగి, చాలాసేపు ఆలోచించి, "పాలు విరిగాయా అండీ?" అన్నాడు. టీకొట్టు దగ్గర ఇద్దరు పెద్దమనుషులు, "ఏవమ్మా పాలమ్మాయ్, లీటరెంత?" అని నవ్వితే, "మీకు పనికిరావండి, చిక్కనివి" అన్నాను. ఆ జవాబు నాకు అప్పటికప్పుడు తట్టిందని రాసుకోవడం బాగుంటుంది గాని, నిజానికి అంతకుముందు రెండు ఊళ్ళ నుంచీ తయారు చేసుకుంటూ వస్తున్నాను. పళ్ళు తోముకునే బ్రష్షు మాత్రం బట్టల క్యాను అడుగుకి చేరిపోయింది. అది కావాలంటే మొత్తం తోడాల్సిందే. రంపచోడవరంలో ఆ పని మా పిన్ని గుమ్మంలో కూర్చుని చేస్తుంటే వీధిలో పిల్లులన్నీ వచ్చి చుట్టూ కూర్చున్నాయి. ఎంత తోమినా క్యాను తన గతాన్ని మరవలేదు. రొయ్యల పచ్చడి నూనె కారి నా చొక్కా వీపున పెద్ద ఎర్రటి మచ్చ వేసింది. "కొత్త డిజైనా?" అంది పిన్ని. ఘాటు మీద కుండపోత వాన పడితే నేను ముద్దయ్యాను గాని, క్యాన్లలో ఒక్క చుక్క దిగలేదు. చింతూరులో పొడి చీర కట్టుకుని శిష్యురాలి ముందు కూర్చుంటే అమ్మ గెలిచిందని తెలిసింది. ఆ మాట మాత్రం అమ్మకి ఈ రోజు దాకా చెప్పలేదు.

అసలు పొరపాటు నాది వేరే ఉంది. నేను వేసుకున్న లెక్క ఏంటంటే, ఒక్కో ఇంట్లో ఒక్కో డబ్బా ఇచ్చేస్తాను కాబట్టి రోజురోజుకీ బరువు తగ్గుతుందని. లెక్కల మాస్టారి కూతురినే. కానీ డబ్బాలు తిరిగి తీసుకెళ్ళాలి కదా! ఊరగాయ పెట్టిచ్చిన డబ్బాని ఖాళీగా తిరిగిచ్చే అలవాటు మా గోదావరి వైపు పుట్టిన వాళ్ళెవరికీ ఉండదు, వాళ్ళు ఏ కొండల మీద కాపురమున్నా సరే. మాగాయ డబ్బాలో పిన్ని కొత్త చింతపండు కుక్కింది, రొయ్యల డబ్బా కడిగి కొండతేనె పోసింది. జంతికల డబ్బాలో శిష్యురాలు కందులు నింపింది. పుస్తకాల కట్ట పోయి దాని చోట్లోకి విస్తళ్ళు కుట్టుకునే అడ్డాకుల కట్టా, అర డజను కొండచీపుళ్ళూ వచ్చాయి. "మాస్టారికి నా గురుదక్షిణ" అంది. గురువుకి చీపుళ్ళేంటని అడగడానికి నాకు నోరు రాలేదు. భద్రాచలంలో అమ్మ స్నేహితురాలు మాగాయ డబ్బానీ, చేగోడీల డబ్బానీ ఇప్పపువ్వుతో నింపి, "పూతరేకుల పెట్టె అట్టది, దాన్నేం తిరిగిస్తాం. ఇది తీసుకెళ్ళు" అని పెరట్లోంచి ఒక పనసకాయ కోసిచ్చింది. కాయ అనడం మర్యాద. దాన్ని వెనక సీటు మీద పెట్టి కడితే నాకొక తోడు దొరికినట్టయింది.

కొయ్యలగూడెం దాటాక ఒక గతుకులో ఎడమపక్క టక్కుమంది. చట్రం అతుకు ఊడింది. క్యాను రోడ్డుకి జానెడెత్తున వేలాడుతోంది. పక్కనే ఉన్న టీకొట్టు దాకా నెట్టుకుంటూ వెళ్ళాను. చెమట, దుమ్ము, వీపున రొయ్యల మచ్చ, వెనక చీపుళ్ళు. కొట్టాయన నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చాలా దయగా అన్నాడు: "ఇంట్లో మగోళ్ళకి ఫోను చెయ్యమ్మా." "ఇంట్లో ఉన్న మగాయన సైకిలు తొక్కుతారండి" అన్నాను. "పోనీ ఆ పనసకాయా, చీపుళ్ళూ ఇక్కడుంచెయ్యమ్మా. రేపు బస్సులో వేసి పంపుతాను" అన్నాడు. నిజానికి అప్పటిదాకా నేను ఫోను చెయ్యాలనే అనుకుంటున్నాను. కానీ ఆయన బస్సు అన్నాడు. ఆ మాట వినగానే లేచాను. "సైకిలు ట్యూబు ముక్కలున్నాయా అండీ?" అని అడిగాను. పక్క పంక్చరు కొట్టులోంచి తెచ్చిచ్చాడు. ఊడిన చట్రాన్ని ట్యూబుతో బిగించి, దాని మీంచి నా చున్నీ కట్టి, తేనె డబ్బాని కుడివైపుకి మార్చి, సమతౌల్యం, సమతౌల్యం అని గొణుక్కుంటూ పది కిలోమీటర్ల వేగం దాటకుండా బయల్దేరాను. సైకిళ్ళు నన్ను దాటిపోయాయి. ఒక నిజమైన గేదె కూడా దాటిపోయింది. చూడనట్టు ఊరుకున్నాను.

పొద్దు వాలుతుండగా మా వీధి చివరికి వచ్చాను. చర్చి గేటు దగ్గర సైకిలు పట్టుకుని నాన్న నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి నిలబడ్డారో అడగలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగారు, క్యాన్లు చూశారు, పనసకాయని చూశారు, చీపుళ్ళు చూసి ఏదో అడగబోయి మానేశారు. చున్నీ దగ్గర ఆగారు.

"చట్రం విరిగినట్టుందే?"

"విరిగింది నాన్నా."

"నువ్వో?"

"నేను విరగలేదు."

తల పంకించి, "సరే, అది ఇలా తే. బండికి బరువెక్కువైంది" అని పనసకాయని తీసి తన సైకిలు క్యారేజీ మీద పెట్టుకుని తొక్కారు. నాలుగు గజాలు వెళ్ళారో లేదో, సరిగ్గా నా గోతం పడ్డ చోటే, పనసకాయ జారి, దొర్లి, గేటుకి గుద్దుకుని ఆగింది. ఆయన సైకిలు దిగి దాన్ని చూశారు. నేను ఆయన్ని చూశాను. "సప్లిమెంటరీ ఎవరికైనా ఉంటుంది నాన్నా" అన్నాను. మా నాన్న అంత గట్టిగా నవ్వడం అంతకుముందు నేనెరగను. గేదెని పెరట్లో కట్టేసే మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు. మర్నాడు పాలాయన క్యాన్ల మూత తీసి ముందు వాసన చూసి, "మాట నిలబెట్టారండి" అన్నాడు. అమ్మ ఆయన్ని ఆగమని, ఒక క్యానులో చింతపండూ రెండోదాన్లో పనసతొనలూ వేసిగాని ఇవ్వలేదు. ఖాళీ క్యాన్లు ఎలా ఇస్తామంది.

ఇప్పుడు మా సెక్షన్లో ఒకమ్మాయి ఉంది. ఈమధ్య తన బండి మీద అయిదు రోజులు ఎక్కడికో వెళ్ళొచ్చింది. బయల్దేరే ముందు చూస్తే ఆమె సామానంతా ఒక చిన్న సంచి. "అంతేనా?" అన్నాను. "అంతే మేడమ్. తక్కువుంటే హాయి" అంది. నా చెయ్యి ఆగలేదు. ఒక స్టీలు డబ్బాలో మాగాయ పెట్టిచ్చాను. తిరిగొచ్చాక తెచ్చిచ్చింది. శుభ్రంగా తోమి, తుడిచి, ఖాళీగా. మూత తీసి ఒక్క క్షణం లోపలికి చూస్తూ ఉండిపోయాను. తప్పు ఆ పిల్లది కాదు, ఆచారం ఆమెకెవరూ చెప్పలేదు. పైగా ఏ ఇల్లూ ఆమె నెత్తిన ఏదీ ఎక్కించలేకపోయింది. అది మాకు రాని విద్య.

మొన్న కొట్టాయన కూడా న్యాయంగానే చెప్పాడు. "మీ ఒక్కరికే కదండీ, నాలుగు రోజులకి చిన్న పెట్టెలు చాలు. పెద్దవి దండగ." ఉన్నవాటిలోకెల్లా పెద్దవి తియ్యమన్నాను. "అంత సామానేముంటుందండీ మీకు?" అన్నాడు. "వెళ్ళేటప్పుడు ఉండదండి. వచ్చేటప్పుడు చూడాలి" అన్నాను. ఆయన మళ్ళీ నవ్వాడు, నేనూ నవ్వాను. ఆయన నన్ను చూసి నవ్వాడు. నేను, వెనక చీపుళ్ళు కట్టుకుని కొయ్యలగూడెం రోడ్డు మీద సైకిళ్ళకి దారిస్తూ, ఎవ్వరికీ లొంగకుండా వస్తున్న ఒక పిల్లని చూసి.